అమీర్‌పేటలో కుట్టిన పిట్టూలు

రోడ్డు ఆగిపోయిన చోట ట్రక్కు దిగాం. అక్కడి నుంచి నడక. పోస్టు చేరేసరికి అక్టోబరు నెలాఖరు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఒక రాతి గట్టు వెనక మూడు బంకర్లు, ఒక వంటపాక, ఒక జెండా. మంచు ఇంకా పూర్తిగా పడలేదు. నల్లరాళ్ళ మధ్య తెల్లటి చారలు. గాలి మాత్రం అప్పటికే చెవులు కోసేస్తోంది.

మాది హైదరాబాదు, బల్కంపేట. ఎండాకాలం తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే ఊరు. మంచు అంటే నాకు అప్పటిదాకా సోడా బండి మీద గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డ. అలాంటి నాకు స్కీ నేర్పించి, కాళ్ళకు రెండు పొడవాటి చెక్కలు కట్టి, ఆ కొండ మీద నిలబెట్టారు.

మొదటి రోజు సాయంత్రం కెప్టెన్ సాబ్ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. పొట్టి మనిషి. పెదాలు పగిలి ఉన్నాయి. మేమంతా మాట్లాడుకునేది హిందీలోనే, ఇక్కడ తెలుగులో చెప్తున్నా.

"శత్రువు సంగతి తర్వాత చూద్దాం. ముందు గ్లవ్స్ తీయకండి. ఎంత చిన్న పనైనా సరే, తీయకండి."

అంతే.

వీపు మీద మోసే సంచిని సైన్యంలో పిట్టూ అంటారు. మాకిచ్చినవి మందపాటి కాన్వాస్‌వి. ఖాళీగా ఉన్నా మూడు కిలోల పైమాటే. మంచు పడి తడిసి గడ్డకట్టిందంటే ఐదు కిలోలు. అందులో స్లీపింగ్ బ్యాగు, టెంటులో ఒక భాగం, స్టవ్వు, కిరోసిన్, తాడు, తిండి, మంచు తవ్వే పార. స్కీ మీద ఎక్కేటప్పుడు చెక్కల అడుగున రోమాల పట్టీ అతికిస్తాం, వెనక్కి జారకుండా. పట్టీ జారకుండా ఆపుతుంది గానీ పిట్టూ ఊరుకోదు. ప్రతి మలుపులోనూ అది ఒకవైపుకి, మనం ఒకవైపుకి. పడ్డామంటే తాబేలును వెల్లకిలా వేసినట్టే. ఇంకొకరు వచ్చి లేపాలి.

జనవరిలో పెట్రోలింగుకు వెళ్ళాం. ఆరుగురం. ముందు స్కౌట్. దారి చూసే మనిషి, అక్కడి కొండల్లోనే పుట్టినవాడు. పాట పాడుకుంటూ నడిచేవాడు. ఒక లోయ వాలు అడ్డంగా దాటుతుంటే పైన ధడాలున చప్పుడు. వాలు మొత్తం కదిలింది. స్కౌట్ నిలబడిన చోట తెల్లటి పొగ. పొగ తగ్గాక అక్కడ మనిషి లేడు.

మా అందరి నడుముకూ ఒక పొడవాటి ఎర్ర తాడు కట్టి ఉంటుంది. మనిషి మంచులో కూరుకుపోతే తాడు కొస పైన తేలుతుందని. తేలింది.

రేడియో ఆపరేటర్ మోకాళ్ళ మీద కూలబడి కిందికి చెప్తున్నాడు. "స్కౌట్ కనపడట్లేదు. తాడు దొరికింది. తవ్వుతున్నాం. ఓవర్."

దేంతో తవ్వుతాం? పారలన్నీ పిట్టూల అడుగున. పద్ధతి ప్రకారం బరువైనవి అడుగునే సర్దాలి. వాటి పట్టీలు గడ్డకట్టి రాయిలా బిగుసుకుపోయాయి. కెప్టెన్ సాబ్ తన పిట్టూను కత్తితో కడుపు కోసినట్టు కోసి పార తీశాడు. అప్పటిదాకా మేం చేతులతో, స్కీ కొసలతో తవ్వుతూనే ఉన్నాం.

స్కౌట్ బతికాడు. కానీ అతని ఎడమచేతి గ్లవ్ ఊడిపోయింది. ఆ చేతి వేళ్ళు పోయాయి. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. ఎక్కే ముందు కుడిచేత్తో సెల్యూట్ చేసి, "పాట సగంలో ఆపేశాను సాబ్" అన్నాడు. కెప్టెన్ సాబ్ నవ్వలేకపోయాడు.

ఆ సాయంత్రం బంకర్లో కోసేసిన పిట్టూను ఒళ్ళో పెట్టుకొని కెప్టెన్ సాబ్ నన్ను పిలిచాడు.

"నీది హైదరాబాదు కదా. సెలవులో వెళ్ళినప్పుడు మనకు పిట్టూలు చూడు."

"అక్కడ మంచుండదు సాబ్."

"సంచులుంటాయి కదా?"

ఉంటాయి అన్నాను.

"తేలిగ్గా ఉండాలి. పార బయటి నుంచే చేతికందాలి. గ్లవ్స్ తీయకుండా విప్పుకోవాలి. చిరిగితే ఈ బంకర్లోనే కుట్టుకోవాలి." ఆగి, వంటపాక వైపు చూపించాడు. దాని వెనక పాత పిట్టూల కుప్ప. ఎన్ని సీజన్లవో. ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. "ఎండాకాలం ఆ కుప్ప మీది మంచు కరిగి వచ్చే నీళ్ళే కింద ఊళ్ళవాళ్ళు తాగేది. పారేసే సంచి తేకు."

పై ఆఫీసర్‌తో మాట్లాడి, ఒక పెట్రోలింగ్ జట్టుకు సరిపడా ఆరు పిట్టూలు ప్రయోగంగా వాడి చూడటానికి అనుమతి తెచ్చాడు. ఆ బాధ్యత నా మీద పడింది.

జూన్ చివర్లో సికింద్రాబాదులో రైలు దిగాను. బస్సెక్కి అమీర్‌పేటలో దిగేసరికి నాకు కళ్ళు తిరిగాయి. నేను పోయినేడు చూసిన ఊరు కాదది. సాఫ్ట్‌వేర్ మీద జనమంతా ఎగబడ్డ కాలం. మేడమెట్ల నుంచి కరెంటు స్తంభాల దాకా బోర్డులే. జావా, టెస్టింగ్, మెయిన్‌ఫ్రేమ్, డెమో క్లాసు ఉచితం. ఒక మేడలో ఆరు ఇన్‌స్టిట్యూట్లు, మెట్ల మీద నిలబడే చోటు లేదు. శ్రీకాకుళం నుంచి ఒకడు, ఖమ్మం నుంచి ఒకడు, అనంతపురం నుంచి ఒకడు, అందరి చేతిలో జిరాక్సు కాయితాలు. అందరి వీపు మీదా సంచి. వీధి చివరి దాకా చూస్తే తలలు తక్కువ, సంచులు ఎక్కువ కనపడ్డాయి. కెప్టెన్ సాబ్ సరైన ఊరికే పంపాడనుకున్నా.

ఇంట్లో అమ్మ, చెల్లె సుజాత. సుజాత డిగ్రీ అయిపోయి టెస్టింగ్ కోర్సులో చేరింది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం అదే ఇన్‌స్టిట్యూట్‌లో రిసెప్షన్ పని. నేను సంగతి చెప్పగానే పడిపడి నవ్వింది.

"మిలిటరోళ్ళకు సంచి నేను సూపియ్యాల్నా అన్నా? పా, పంజాగుట్ట పోదాం. ఆడ మస్తు షోరూములున్నయి."

పంజాగుట్ట చౌరస్తాలో అద్దాల షోరూము. లోపల ఏసీ. గోడకు వేలాడుతున్న సంచుల్లో ఒకటి నిజంగా కొండలెక్కేవాళ్ళ కోసం తయారైందే. నీలం రంగు. విదేశీ సరుకు. సేల్స్‌మాన్ తీసిచ్చాడు. లోపల ఇసుక సంచి వేసి వీపుకి తగిలించి, నడుము పట్టీ బిగించాడు.

ఆ క్షణం నాకు బాగా గుర్తు. భుజాల మీది బరువు ఒక్కసారి తుంటి మీదికి దిగిపోయింది. ఎవరో వెనక నుంచి చేయి వేసి ఎత్తిపట్టినట్టు. ఆ చలికాలమంతా మోసిన బరువు గుర్తొచ్చి కాసేపు అలాగే నిలబడిపోయాను.

తర్వాత జేబులోంచి నా గ్లవ్స్ తీసి తొడుక్కున్నాను. మోచేతుల దాకా వచ్చే మంచు గ్లవ్స్. బయట ఎండ మండిపోతోంది. షోరూములో అందరూ నావైపే చూశారు.

సేల్స్‌మాన్ మర్యాదగా దగ్గరికొచ్చాడు. "సార్, ఏసీ జర తగ్గియ్యమంటరా?"

సుజాత మొహం తిప్పుకొని భుజాలు కదిలేలా నవ్వింది.

నేను జిప్పు లాగి చూశాను. గ్లవ్స్‌తో ఆ చిన్న కొక్కెం పట్టు దొరకలేదు. జేబులు లెక్కకు మించి ఉన్నాయి, అన్నిటికీ జిప్పులే. వీపు వైపు దళసరి స్పాంజి, తడిస్తే నీళ్ళు పీల్చేది. ప్లాస్టిక్ బకెల్ చూపించి అడిగాను. "ఇది ఇరిగితే?"

"కొత్త బ్యాగు తీస్కోవాలె సార్. గీ పార్టు ఈడ దొర్కది."

బయటికొచ్చేశాం. ఆ నడుము పట్టీని మాత్రం మనసులో పెట్టుకొని వచ్చాను.

మరుసటి రోజు సుజాత సంచి భుజం దగ్గర పుటుక్కున తెగింది. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫీజు కట్టిన ప్రతివాళ్ళకూ ఉచితంగా ఇచ్చే సంచి అది, పెద్ద అక్షరాలతో పేరు అచ్చువేసి. తీసుకొని రెండు నెలలు కూడా కాలేదు. అది కుట్టే చోటు తనకు తెలుసు. శ్రీనగర్ కాలనీలో ఒక ఇంటి కింది భాగం. నేనూ వెంట వెళ్ళాను.

పద్మావతి గారిది తెనాలి. భర్త ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నలుగురు ఆడవాళ్ళు, ఐదు మిషన్లు. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల సంచుల్లో సగం అక్కడ కుట్టినవే. మనిషి గట్టి గొంతు, గట్టి చేయి.

సుజాత తెగిన సంచి ఆమె ముందు పడేసింది. "గిదేంది ఆంటీ, గింత తొందరగ తెగుతదా?"

ఆమె కోప్పడలేదు. తెగిన చోటు వేలితో తడిమి చూశారు. "వాళ్ళిచ్చే బట్టకి ఆయుష్షు అంతేనమ్మా. నేనేం చెయ్యను? రోజుకి ఇన్ని కావాలంటారు, చవగ్గా కావాలంటారు. మొన్న ఎస్సార్ నగర్ చెత్తకుండీ పక్కన చూశాను, నేను కుట్టినవి కుప్పగా పడున్నాయి. పేరు వాళ్ళదే అచ్చేశారనుకోండి, కుట్టు నాదని నాకు తెలుస్తుంది కదా."

నేను వచ్చిన పని చెప్పాను. కొండ సంగతి, పార సంగతి, స్కౌట్ వేళ్ళ సంగతి. ఆమె మిషను తొక్కడం ఆపేశారు.

"ఏంటీ, మా బట్టలా మీ కొండ మీదకి? నాకు మంచు గురించి ఒక్క ముక్క తెలీదండీ."

"నాకు కుట్టు గురించి తెల్వదక్కా. కలిసి సూద్దాం."

అలా మొదలైంది. సెలవు నాకు రెండు నెలలు. ప్రతి రోజూ మధ్యాహ్నం అక్కడే. అమ్మ గొణిగింది, "కొడుకు సెలవుల ఒచ్చిండా, దర్జీ పనికి ఒచ్చిండా" అని.

ఆమె మొదట కుట్టింది పాత ఫ్లెక్సీ బోర్డుతో. ఊరంతా కట్టి, నెల తిరక్కుండా పీకి పడేసే బోర్డులు. తడవదు, బరువుండదు, ఉచితంగా దొరుకుతుంది, చెత్తా తగ్గుతుంది అని ఆమె ఆలోచన. నాకూ నచ్చింది. సంచి అయితే బాగానే కుదిరింది, వీపు మీద "వంద శాతం జాబ్ గ్యారంటీ" అన్న అక్షరాలు తలకిందులుగా.

కానీ చలికి తట్టుకుంటుందా? అమీర్‌పేటలో చలి ఎక్కడ తెస్తాం? సుజాతే చెప్పింది. వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ కింద ఐస్‌క్రీం హోల్‌సేల్ కొట్టు ఉంది. దాని ఓనర్‌ను అడిగింది. ఆయన ముందు నమ్మలేదు. సంచిని ఐస్‌క్రీం డబ్బాల మధ్య పెట్టడమేమిటన్నాడు. నా ఐడీ కార్డు చూసి లేచి నిలబడ్డాడు.

"దేశం పనంటే ఎందుకద్దంట భయ్యా? పెట్టున్రి. వనిల్లా దిక్కు పెట్టున్రి, ఆడ మస్తు సల్లగుంటది."

మర్నాడు పెట్టె తెరిచి సంచి తీసి మడిచాను. అప్పడంలా పెళుక్కుమంది. అరచేతి వెడల్పు ముక్క విరిగి నా చేతిలోకొచ్చింది. పద్మావతి గారు ఆ ముక్కను పట్టుకొని చాలాసేపు చూశారు. "కొండ మీద తెలిసుంటే ఏమయ్యేది?" అన్నారు.

రెండోసారి నేను సికింద్రాబాదులో పాత మిలిటరీ సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళి పారాచూట్ గుడ్డ తెచ్చాను. వాడి తీసేసినవి. నారింజ రంగు, తెలుపు పట్టీలు. పట్టుకుంటే గాలిని పట్టుకున్నట్టే. ఐస్‌క్రీం పెట్టెలో మెత్తగానే ఉంది. అయితే కుట్టు దగ్గర జారిపోయింది. బరువు వేయగానే పోగులు ఊడి, కుట్టిన దారం కుట్టినట్టే ఉండగా గుడ్డ పక్కకొచ్చేసింది. నాకు ఉత్సాహం చచ్చిపోయింది. ఆమెకు చావలేదు. అంచులు కొవ్వొత్తి మంటకు చూపించి కరిగించారు. రెండు మడతలు వేసి, మడత మీద మడత పెట్టి కుట్టారు. ఈసారి ఇద్దరం చెరో వైపు పట్టుకొని లాగినా కదల్లేదు.

ఆమెతో గొడవ పడింది లేదని కాదు. ఆమెకు మెత్తలు వేయాలని, లోపల లైనింగు వేయాలని, జేబులు పెట్టాలని. నాకు తీసేయాలని.

"ఆడపిల్ల పెళ్ళికి చీర నెయ్యమని చెప్పి అంచొద్దంటే ఎలాగండీ?"

"అంచుకు సుత బరువుంటదక్కా. మోసేటోనికి తెలుస్తది."

ఆమె మూతి ముడిచి, కత్తెర తీసి, ఒక జేబు కత్తిరించి నా ముందు పడేసేవారు. మర్నాడు తనే ఇంకోటి కత్తిరించేవారు.

వీపు దగ్గర స్పాంజి బదులు నిద్రకు పరుచుకునే పలుచటి మ్యాటు మడిచి పెట్టేలా అర కుట్టాం. మోసేటప్పుడు వీపుకి మెత్త, రాత్రి పడుకోవడానికి పక్క. నడుము పట్టీకి, భుజం పట్టీలకి పాత కార్ల సీటు బెల్టులు. బకెల్ దగ్గర ఆగిపోయాం. ప్లాస్టిక్‌వి ఐస్‌క్రీం పెట్టెలో విరిగాయి. సుజాత తన చలికోటు తెచ్చి చూపించింది. దానికి గుండీల బదులు చిన్న చెక్కముక్కలు, తాడు ఉచ్చులు. "గీ లెక్క పెద్దగ పెడ్తే?" అంది. పెట్టాం. బొటనవేలంత చెక్క, తాడు ఉచ్చు. గ్లవ్స్‌తో ఒక్క తోపుకు ఊడుతుంది. విరిగితే ఏ పుల్లైనా చెక్కుకోవచ్చు. పార కోసం పక్కన పొడవాటి గొట్టంలా ఒక అర, పైన తెరిచే ఉంటుంది, పిడి బయటికి.

తూకం వేశాం. ఒకటింపావు కిలో. పద్మావతి గారు తక్కెడ వైపు అనుమానంగా చూసి ఇంకోసారి వేయమన్నారు.

ఇంక నడిచి చూడాలి. పిట్టూలో బియ్యం, ఇటుకలు కలిపి ఇరవై కిలోలు వేశాను. స్కీల బదులు వడ్రంగి దగ్గర రెండు పొడవాటి చెక్కలు తీసుకొని పిట్టూకు ఏటవాలుగా కట్టాను. శ్రీనగర్ కాలనీ నుంచి అమీర్‌పేట చౌరస్తాకు నడిచాను. నెత్తి మీద రెండు చెక్కలు లేచి ఉన్నాయి. ముందు సుజాత. "జర జరుగున్రి అన్నా, జర జరుగున్రి" అని దారి చేసుకుంటూ. ఒక కుర్రాడు అడిగాడు, "అన్నా, గిది ఏ కోర్సు?" సుజాత తడుముకోకుండా, "హార్డ్‌వేరు" అంది.

తర్వాత వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ మేడ మెట్లు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. క్లాసు వదిలినప్పుడు పిల్లలు గోడకి ఆనుకొని దారిచ్చారు. మూడోసారి ఎక్కేసరికి కొందరు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాళ్ళకూ తెలియదు. ఆ వయసులో, ఆ రోజుల్లో, అక్కడందరూ ఏదో ఒకటి ఎక్కుతున్నవాళ్ళే. ఇప్పటికీ అమీర్‌పేట అంటే నాకా మెట్లే గుర్తొస్తాయి. చెమట, జిరాక్సు కాయితాల వాసన, కిందినుంచి వచ్చే మిర్చి బజ్జీల వాసన.

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున మా వీధుల్లో కాలు పెట్టే సందు లేదు. పద్మావతి గారి దగ్గర పనిచేసేవాళ్ళంతా గుడికి పోయారు. ఇంకా రెండు పిట్టూలు మిగిలున్నాయి. ఆమె ఒక మిషను మీద, సుజాత ఒక మిషను మీద కూచున్నారు. సుజాతకు మిషను అంత బాగా రాదు. "వంకర పోతుందమ్మా, మీ అన్న వీపది" అని ఆమె అరుస్తూనే ఉన్నారు. నేను కొవ్వొత్తి పట్టుకొని అంచులు కాలుస్తూ కూచున్నాను. డప్పులు వీధులు దాటి అక్కడిదాకా వినపడ్డాయి.

బయల్దేరే రోజు ఆరు పిట్టూలూ ఒకదాంట్లో ఒకటి దూర్చి ఒక్క సంచిలా తీసుకెళ్ళాను. పద్మావతి గారు స్టేషనుకు రాలేదు. సుజాత చేతికి సూదులు, మైనం పూసిన దారం ఉండ ఇచ్చి పంపారు. ఒక మాట కూడా చెప్పి పంపారు. "చిరగదని నేను చెప్పను. చిరిగితే కుట్టుకోమను."

రెండో చలికాలం. కెప్టెన్ సాబ్ పిట్టూ వేసుకొని బంకర్లో రెండడుగులు వేశాడు. కూచున్నాడు, లేచాడు, గ్లవ్స్‌తో పార లాగాడు. మళ్ళీ దూర్చాడు. "ఈ రంగేంటి?" అన్నాడు. "మంచులో దొరుకుతుంది సాబ్" అన్నాను. తలూపాడు.

డిసెంబరులో మామూలు పెట్రోలింగ్. జనవరిలో రెండు. స్కీ మీద మలుపు తిప్పితే పిట్టూ నాతోనే తిరిగింది. మొదటి రోజు అది వీపు మీద ఉందో లేదో అని చేత్తో తడిమి చూసుకున్నా. కొత్త స్కౌట్ ఒకసారి రాళ్ళ మీద పడి చెక్క బొత్తాం విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రం స్టవ్వు పక్కన కూచొని కట్టెముక్క చెక్కుకొని కట్టేశాడు. వంటపాక వెనక ఆ ఏడు కొత్తగా ఒక్క పిట్టూ పడలేదు.

ఫిబ్రవరిలో అవతలి పోస్టులో ఒకరికి జబ్బు చేసింది. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. మందులు మేమే తీసుకెళ్ళాలి. మధ్యలో ఒక కనుమ దాటాలి. ఆరుగురం. ముందు స్కౌట్, తర్వాత కెప్టెన్ సాబ్, నేను, రేడియో ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, చివర తాడు మోసేవాడు. ఎండ రాకముందే కనుమ దాటి మందులు ఇచ్చేశాం. తిరుగుప్రయాణంలో మబ్బు పట్టింది. గాలి పెరిగింది. కనుమ ఇవతలి దిగుడులో ఒక్కొక్కరమే, ఎడంగా దిగుతున్నాం. స్కౌట్ దాటాడు. కెప్టెన్ సాబ్ సగంలో ఉన్నాడు.

ఆయన కాళ్ళ కింద మంచులో ఒక గీత పడింది. చప్పుడు తర్వాత వచ్చింది. ఆయన చెయ్యెత్తడం చూశాను. మమ్మల్ని ఆగమనో, ఏమో.

"కెప్టెన్ సాబ్ మంచులో పడ్డాడు. వెతుకుతున్నాం. ఓవర్." రేడియో ఆపరేటర్ కిందికి చెప్పాడు.

ఎర్ర తాడు ఈసారి తేలలేదు. కిందికి దిగి చూస్తే, మంచు గడ్డల మధ్య ఒకచోట అరచేతి వెడల్పు నారింజ రంగు. పిట్టూ పైమూత అంచు. స్కౌట్ పై వాలు మీద కన్నేసి నిలబడ్డాడు. మిగిలిన నలుగురం ఒక్కసారి వీపు వెనక్కి చెయ్యి పెట్టాం. నాలుగు పారలూ చేతికొచ్చాయి. ఎవరూ ఏ ముడీ విప్పలేదు. ఎవరూ కత్తి తీయలేదు. తవ్వాం. నర్సింగ్ అసిస్టెంట్ మధ్యలో "తల ఇటువైపు, ఇటువైపు" అని అరిచాడు. దిశ మార్చి తవ్వాం. దొరికాడు.

ఊపిరి ఉంది. నర్సింగ్ అసిస్టెంట్ ఆయన నోట్లో వేలు పెట్టి మంచు తీశాడు. పిట్టూలోంచి మ్యాటు లాగి కింద పరిచి పడుకోబెట్టాం. స్టవ్వు వెలిగించాం. కళ్ళు తెరిచి కెప్టెన్ సాబ్ మొదట అడిగింది, "అందరూ ఉన్నారా?"

"ఉన్నారు సాబ్."

"గ్లవ్స్?"

"ఉన్నాయి సాబ్."

ఆయన చేతులవైపు చూసుకొని కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రానికి మా భుజాల మీద చేతులేసి తన కాళ్ళతోనే పోస్టుకు నడిచొచ్చాడు.

ఆయన పిట్టూ ఒకవైపు పొడుగ్గా చిరిగింది. నర్సింగ్ అసిస్టెంట్ మనుషుల గాయాలు కుట్టే దారంతో దాన్ని కుట్టాడు. పద్మావతి గారి దారం అప్పటికే అయిపోయింది, జట్టంతా మేజోళ్ళు కుట్టుకోవడానికి వాడేశారు. ఆ పిట్టూ ఇంకో సీజను నడిచింది. పోస్టులో నా గడువు ముగిసినప్పుడు మిగిలిన ఐదూ తర్వాతి జట్టుకు అప్పగించాం. చిరిగినదాన్ని కెప్టెన్ సాబ్ నాకిచ్చేశాడు. "కుట్టినామెకు చూపించు" అన్నాడు.

చూపించాను. మళ్ళీ ఎండాకాలం. పద్మావతి గారు పిట్టూను బల్ల మీద బోర్లా వేసి, కుట్లన్నీ ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసుకున్నారు. చిరిగి కుట్టిన చోటుకొచ్చి ఆగారు.

"ఇది నా కుట్టు కాదే. ఎవరిదండీ?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె మిషను మీద చెయ్యి ఆనించి వింటూ ఉన్నారు. పక్కన నలుగురు ఆడవాళ్ళూ పని ఆపేశారు. కొంగుతో కళ్ళు తుడుచుకొని, "చిరిగిన సంచి పట్టుకొని నా దగ్గరికి అందరూ తిట్టడానికే వస్తారు బాబూ" అన్నారు. ఆ రోజు నన్ను అన్నం తినకుండా కదలనివ్వలేదు.

ఆమె పెద్దకూతురికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చాక వాళ్ళు అటు వెళ్ళిపోయారు. శ్రీనగర్ కాలనీలో ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్టుమెంటు. ఐస్‌క్రీం కొట్టు లేదు. సుజాత గచ్చిబౌలిలో టెస్టింగ్ లీడు. చౌరస్తా నెత్తిన మెట్రో పోతుంది. నేను రిటైరై ఒక స్కూల్లో పీటీ చెప్తున్నా. పొద్దున మెట్రో మెట్లెక్కే పిల్లల వీపుల మీద సంచులు చూస్తే, పట్టీలు ఎక్కడ కుట్టారో కళ్ళు వాటంతటవే వెతుకుతాయి.

పోస్టులో గడువు ముగించుకొని ఇంటికొచ్చిన మొదటి వారం అమ్మ నన్నడిగింది. "గంతగనం మంచుల ఉన్నవు గదా బిడ్డా. ఎట్లుంటది మంచు?"

తెల్లగుంటదమ్మా అన్నాను. సల్లగుంటది అన్నాను. అసలు కళ్ళ ముందున్నది చెప్పలేకపోయాను. అమ్మకే కాదు, పద్మావతి గారికీ మొత్తం చెప్పానన్నాను గానీ, ఇదొక్కటీ చెప్పలేదు.

కెప్టెన్ సాబ్ మొహం మీది మంచును నేనే చేతులతో తోశాను. తోసిన తర్వాత కూడా మొహం కనపడలేదు. మంచులో ఉన్నంతసేపూ ఆయన వదిలిన ఊపిరే ముఖం మీద గడ్డకట్టింది. పలుచగా, నున్నగా, గాజు తొడిగినట్టు. లోపల మనిషి కదలడం లేదు. మబ్బు కొంచెం వీడి ఎండ ఆ గాజు మీద పడింది. మేం నలుగురం ఊపిరి బిగబట్టి వంగి చూస్తున్నాం. ఆ గాజు వెనక, నీళ్ళ అడుగున కదిలినట్టు, ఒక కనురెప్ప కదిలింది.